మిల్లు కాంటా కాడి పాత కంప్యూటర్: ఒక్క బూట్ ప్రాబ్లమ్ అనుకుంటే కింద ఇంకో నాలుగు

వానాకాలం వడ్లు మిర్యాలగూడ మిల్లులకు దిగుతున్న టైమ్‌ల ఫోన్ వచ్చింది, పొద్దున ఏడు కూడా కాలేదు. "అన్నా, కాంటా కంప్యూటర్ ఆగింది, లారీలు రోడ్డు దాకా నిలబడ్డయి, జల్ది రావాలె" అన్నడు మిల్లు గుమాస్తా. నేను నల్గొండల హార్డ్‌వేర్ పని చేస్త, ఈ మిల్లుకు పదేళ్ల నుంచి తెలిసినోన్ని. బ్యాగుల మల్టీమీటర్, ఒక ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బా), ఒక పీఎస్2 కీబోర్డ్ (పాత గుండ్రటి పిన్నుది) ఏసుకొని తిప్పర్తి, వేములపల్లి దాటి పోయిన.

పోతే ఆగింది కొత్త కంప్యూటర్. రెండేళ్ల కింద కొన్నరు, విండోస్ 10, 64 బిట్. దానికి సీరియల్ పోర్ట్ (పాత మిషన్ల వైరు గుచ్చే పిన్నుల సాకెట్) లేదు, అందుకే కాంటా ఇండికేటర్ (బరువు చూపెట్టే డబ్బా) నుంచి వచ్చే వైరుకు యూఎస్‌బీ కన్వర్టర్ తగిలించిన్రు. ఆ కన్వర్టర్‌ను ఎవరన్న పీకి పక్క యూఎస్‌బీల పెడితే దాని పోర్ట్ నంబర్ కామ్3 పోయి కామ్7 అయితది, సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంకా 3 కాడనే ఎతుక్కుంట కూసుంటది. ఆ రోజు అయితే కన్వర్టరే పోయింది, బరువు కాడ పిచ్చి గుర్తులు వస్తున్నయి. నేను ఇంకో కన్వర్టర్ తెప్పిస్త అన్న, సేటు వినలే. "గా పాతదాన్నే లేపు, అది పన్నెండేండ్లు ఒక్కనాడు సతాయించలే" అన్నడు.

పాతది ఏడున్నదంటే స్టోర్ రూమ్‌ల, గోనె సంచుల కట్టల కింద. 2008ల కొన్న బ్రాండెడ్ ఆఫీస్ డెస్క్‌టాప్, క్యూ35 చిప్‌సెట్, కోర్ 2 డుయో ఈ4500, ఒక్కో జీబీ డీడీఆర్2 ర్యామ్‌లు రెండు, 160 జీబీ సాటా డిస్క్, వెనక సొంత సీరియల్ పోర్ట్, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కు ప్యారలల్ పోర్ట్. విండోస్ ఎక్స్‌పీ. ఇప్పటోళ్లు చూస్తే తుక్కుల ఏస్తరు కని కాంటా పనికి ఇంతకన్నా ఎక్కువ ఏం కావాలె.

ఇక్కడ ఒక మెలిక ఉంది, అది మొదలే చెప్పాలె, ఎందుకంటే తర్వాత నేను తీసుకున్న ప్రతి నిర్ణయం దాని మీదనే ఉంది. అందులున్న కాంటా సాఫ్ట్‌వేర్ ఎవరో రాసిచ్చిపోయిండు, ఆయన ఇప్పుడు దొరకడు, సీడీ లేదు, పాత 16 బిట్ ది కాబట్టి 64 బిట్ విండోస్ మీద నేరుగ నడవది. అంటే ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కిస్త అనే మాటనే లేదు. మామూలుగా మా లైన్‌ల సగం మంది బూట్ కాకపోతే గంట చూసి ఫార్మాట్ అంటరు, నేను కూడా అంట, అబద్ధమెందుకు. ఇక్కడ ఆ దారి బంద్.

క్యాబినెట్ విప్పంగనే లోపల ఊక. మిల్లుల కంప్యూటర్ విప్పినోళ్లకు తెలుసు, అది దుమ్ము లెక్క ఉండదు, తవుడు, ఊక, తేమ కలిసి బొంత లెక్క అయి ప్రాసెసర్ హీట్‌సింక్ మీద పరుచుకుంటది. బయటకు తెచ్చి చెట్టు కింద పెట్టి బ్లోయర్ కొట్టిన. ఫ్యాన్ రెక్కను వేలుతోని పట్టుకొనే కొట్టాలె, ఊరికె తిరగనిస్తే బేరింగ్ పోతది. హమాలీలు చుట్టూ నిలబడి చూస్తున్నరు, సినిమా లెక్క.

ప్లగ్ పెట్టి పవర్ నొక్కితే ఫ్యాన్ రెండు సెకన్లు తిరిగి ఆగింది. మళ్లీ దానంతట అదే తిరిగింది, ఆగింది. బోర్డు మీద స్టాండ్‌బై లైట్ ఉంది కని దీపం కొడిగట్టినట్టు మినుకు మినుకు. ఇట్ల చేస్తే నా చెయ్యి మొదలు ఎస్‌ఎంపీఎస్ మీదికే పోతది. 24 పిన్ కనెక్టర్‌ల ఊదా రంగు వైరుంటది, కంప్యూటర్ ఆఫ్‌ల ఉన్నా ప్లగ్ పెట్టి ఉంటే చాలు దాంట్ల 5 వోల్టులు ఉండాలె. మీటర్‌ల 4.3 చూపెట్టింది. ఐదు శాతం అటు ఇటు ఓకే, అంటే 4.75 కంటె కిందికి రావొద్దు. ఈ ఊదా వైరును జర గుర్తు పెట్టుకోండ్రి, కథ చివర్ల మళ్లీ వస్తది.

ఎస్‌ఎంపీఎస్‌ను బోర్డు నుంచి తీసి ఆకుపచ్చ వైరును నల్ల వైరుతోని పేపర్ క్లిప్‌తో కలిపితే దాని ఫ్యాన్ తిరిగింది. ఇక్కడనే చానమంది మోసపోతరు, ఫ్యాన్ తిరిగింది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ మంచిదే అనుకుంటరు. ఏ బరువు లేనప్పుడు ఎవడైనా నడుస్తడు. నా కాడ బైక్ హెడ్‌లైట్ బల్బు ఒకటుంటది, 12 వోల్టులు 35 వాట్లది, దానికి రెండు వైర్లు సోల్డర్ చేసి పెట్టుకున్న. పసుపు వైరుకు, నల్ల వైరుకు అది తగిలిస్తే సుమారు 3 ఆంపియర్ల లోడ్ పడతది. బల్బు పెట్టక ముందు 12.1 ఉన్నది, పెట్టంగనే 10.9కి జారింది, 11.4 కంటె తగ్గొద్దు. ఇగ దాంతోని పని లేదు. విప్పి లోపల కెపాసిటర్ మార్చొచ్చు కని లోపలి పెద్ద కెపాసిటర్‌ల 300 వోల్టులకు పైన నిలిచి ఉంటది, ప్లగ్ పీకినా కొంతసేపు పోదు, అలవాటు లేనోళ్లు దాని స్క్రూ కూడా ముట్టొద్దు.

నా బ్యాగులది పెట్టిన. కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టేటప్పుడు 24 పిన్ ఒక్కటే గుచ్చి, ప్రాసెసర్ పక్కన ఉండే నాలుగు పిన్‌ల చిన్న కనెక్టర్ మర్చిపోతే ఫ్యాన్లు ఝుమ్మని తిరుగుతయి, డిస్‌ప్లే రాదు, రోజంతా ర్యామ్‌లు మార్చుకుంట కూసుంటరు. నేను మర్చిపోలే. ఐనా డిస్‌ప్లే రాలే.

ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ నల్లగ, ఒక్క బీప్ లేదు. ఇట్లాంటప్పుడు నేను అన్నీ పీకేస్త: హార్డ్ డిస్క్, డీవీడీ, ముందటి యూఎస్‌బీ వైర్లు, ఆఖరికి ర్యామ్ కూడా. ర్యామ్ లేకుంట ఆన్ చేసి చెవి పెట్టి విన్న. బీప్‌లు మొదలైనయి. ఆ అరుపు వింటే నాకు సగం పని అయినట్టే, ఎందుకంటే ర్యామ్ లేదని మొత్తుకోవాలంటే ముందు ప్రాసెసర్ బతికుండాలె, బయోస్ చిప్ (విండోస్ కంటె ముందు కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రామ్ ఉండేది) బతికుండాలె, బోర్డుకు కరెంటు సరిగ్గ అందాలె. ర్యామ్ తీసినా మూగగ ఉంటే అప్పుడు భయపడాలె. గుమాస్తా మాత్రం బీప్ వినంగనే "అయ్యో, పాడైందా అన్నా" అన్నడు.

ర్యామ్ కాళ్లను పిల్లల రబ్బరుతోని రుద్దిన, నల్లటి మురికి ఊడింది. స్లాట్లను పెయింటింగ్ బ్రష్‌తోని ఊడిస్తే ఒకదాంట్ల నుంచి ఊక పొట్టు రెండు మూడు రేకులు బయటపడ్డయి. ఒక్క ర్యామ్ పెట్టి చూసిన, వచ్చింది. రెండోది పెడితే మళ్లీ నలుపు, ఏ స్లాట్‌ల పెట్టినా అంతే. దాన్ని పక్కకు పడేసి ఒక జీబీతోనే ముందుకు పోయిన, ఎక్స్‌పీకి అది కూడా ఎక్కువే.

స్క్రీన్ మీద సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, డీఫాల్ట్స్ లోడెడ్ (బయోస్ దాచుకున్న సెట్టింగులు చెడినయి, కంపెనీ సెట్టింగులే పెట్టిన అని దాని అర్థం), ఎఫ్1 నొక్కు అని వచ్చింది. తారీఖు చూస్తే ఎప్పటిదో. బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ తీసి మీటర్ పెడితే 2.1 వోల్టులు, కొత్తది 3 ఉంటది. ఊళ్లె వాచీల షాపుల దొరుకుతది, తెప్పించి ఏసిన. తారీఖు, టైమ్ సరిచేసి సేవ్ కొట్టిన. అప్పుడు నా మనసుల ఏముందంటే, అయిపోయింది, మధ్యాహ్నానికల్ల నల్గొండల ఉంట అని.

ఎక్స్‌పీ లోగో వచ్చింది, కింద నీలి గీతలు రెండు మూడు సార్లు పరుగెత్తినయి, స్క్రీన్ మీద నీలం రంగు మెరుపు లెక్క మెరిసి రీస్టార్ట్. మళ్లీ లోగో, మళ్లీ మెరుపు. లూప్.

ఇక్కడ నాది ఒక తప్పు ఒప్పుకోవాలె. రెండేళ్లు మూలకు పడ్డ డిస్క్‌ను, లోపలి సాఫ్ట్‌వేర్‌కు కాపీ లేదని తెలిసి కూడా, కాపీ తీయకుంట నేరుగా బూట్ చేయనియ్యొద్దు. డిస్‌ప్లే వచ్చిన సంబురంల చేసిన. నాలుగైదు సార్లు లూప్ తిరిగినంక బుద్ధి వచ్చి పవర్ తీసిన. సేటుకు చెప్పిన, ఇయ్యాల కాదు, డబ్బా షాపుకు తీస్కపోత అని. లారీల కోసం పక్క మిల్లు కాంటా మాట్లాడుకున్నరు, ఒక్కో లారీకి ఇంత అని. మొఖం చిన్నబోయింది ఆయనకు.

షాపుల డిస్క్‌ను నా లినక్స్ మిషన్‌కు తగిలించి స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునేది) చూసిన. పెండింగ్ సెక్టార్లు, అంటే చదవనీకి మొండికేస్తున్న జాగలు, 23. అంటే డిస్క్ పోలేదు కని పోయే తొవ్వల ఉంది. ఇట్లాంటి డిస్క్‌కు మామూలు కాపీ పెడితే పాడైన జాగ కాడ ఆగి అక్కడనే తల కొట్టుకుంటది, అందుకే డీడీ రెస్క్యూ అనే కాపీ ప్రోగ్రామ్ వాడుత, అది ముందు మంచిగున్నయన్నీ లాగేసి, మొండిజాగలను చివర్ల ఒక్కొక్కటి గిల్లుకుంట వస్తది, ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్‌ల రాసుకుంటది, మధ్యల కరెంటు పోయినా మళ్లీ అక్కడి నుంచే. దీంట్ల ఒకటే ప్రాణగండం: ఏది పాతది ఏది కొత్తది అని కమాండ్‌ల తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి అసలు డిస్క్ మీద కూసుంటది, ఇగ ఏడ్చినా లాభం లేదు. నేను పాత డిస్క్‌కు ఎర్ర ఇన్సులేషన్ టేప్ ఏసి, రెండింటి సీరియల్ నంబర్లు కాయితం మీద రాసుకొని, స్క్రీన్ మీద వచ్చిన నంబర్‌తోని చూసుకొని అప్పుడే ఎంటర్ కొట్టిన.

గంటల దాదాపు అంత వచ్చేసింది. మిగిలిన కొంచెం కోసం రాత్రంత నడిచింది, పొద్దున చూస్తే 16 సెక్టార్లు మాత్రం రాలే, అంటే 8 కేబీ. మంచి రిజల్ట్. కాపీని 250 జీబీ డిస్క్ మీదికి తీసిన, అసలు డిస్క్‌ను కవర్ల చుట్టి బీరువాల పెట్టేసిన, ఇగ దాన్ని ముట్టేది లేదు.

కాపీ డిస్క్ పెట్టి ఆన్ చేస్తే అదే లూప్. ఎఫ్8 కొట్టి, ఎర్రర్ వస్తే ఆటోమేటిక్‌గ రీస్టార్ట్ కావొద్దు అనే ఆప్షన్ పట్టుకున్న, దానికి పీఎస్2 కీబోర్డే కావాల్సి వచ్చింది. కొన్ని పాత బయోస్‌లల్ల లెగసీ యూఎస్‌బీ (విండోస్ రాకముందే యూఎస్‌బీ కీబోర్డ్‌ను పని చేయించే సెట్టింగ్) ఆఫ్ అయి ఉంటది, కొత్త కీబోర్డ్ లైట్ ఎలుగుతది కని ఆ టైమ్‌ల పని చెయ్యదు. ఈసారి నీలం స్క్రీన్ నిలబడింది, స్టాప్ నంబర్ సున్నాలన్ని దాటినంక చివర్ల 7బీ. బూట్ అయ్యే డిస్క్ నాకు అందుతలేదు అని దాని మాట.

ఇక్కడ నేను పొద్దటి సంది మధ్యాహ్నం దాకా తప్పు తొవ్వల పోయిన. ఎందుకంటే నా బుర్రల ఆ 8 కేబీ కూసుంది. పోయిన 16 సెక్టార్లల్ల విండోస్ డ్రైవర్ ఫైలో, రిజిస్ట్రీ ముక్కనో ఉన్నది, అందుకే 7బీ అని నాకు నేనే తీర్పు ఇచ్చుకున్న. కాపీ డిస్క్‌కు నా మిషన్ నుంచి చెక్‌డిస్క్ (డిస్క్ మీది తప్పులు దిద్దే ప్రోగ్రామ్) కొట్టిన, చిన్న చిన్న తప్పులు రెండు మూడు సరిచేసింది, ఫలితం లేదు. జర ఆగి ఆలోచిస్తే తెలిసేది, కాపీ తీయక ముందు అసలు డిస్క్‌తోని కూడా ఇదే లూప్ కద. ఆ ఆలోచన అప్పుడు రాలే.

ఇగ లాభం లేదని ఎక్స్‌పీ ఎస్‌పీ3 సీడీ ఎతికి తీసిన, అందులున్న రికవరీ కన్సోల్‌కు (పాడైన విండోస్‌ను బాగు చేసే జాగ) పోయి బూట్ ఫైళ్లు చూద్దామని. సీడీ నుంచి బూట్ అయింది, అన్నీ లోడ్ చేసుకుంది, చివర్ల ఒక మెసేజ్: సెటప్‌కు మీ కంప్యూటర్‌ల హార్డ్ డిస్క్ ఏదీ దొరకలేదు.

చాయ్ గ్లాసు చేతిల పట్టుకొని ఆ లైన్ రెండు మూడు సార్లు చదివిన. బయోస్‌ల డిస్క్ పేరు కనవడ్తుంది. లినక్స్ పెన్ డ్రైవ్ పెట్టి చూసినా కనవడ్తుంది. ఎక్స్‌పీ సీడీకి మాత్రం కనవడ్తలేదు. డిస్క్ మీదున్న విండోస్ పాడైతే సీడీకేం రోగం? సీడీ మీదున్న ఎక్స్‌పీకి, డిస్క్ మీదున్న ఎక్స్‌పీకి ఇద్దరికీ లేని కళ్లద్దాలు ఒకటే. ఏహెచ్‌సీఐ!

బయోస్‌ల సాటా మోడ్, అంటే డిస్క్‌తోని ఏ పద్ధతిల మాట్లాడాలె అనే సెట్టింగ్, చూస్తే ఏహెచ్‌సీఐ అని ఉంది. ఎక్స్‌పీల ఏహెచ్‌సీఐ డ్రైవర్ సొంతంగ ఉండదు, అప్పట్ల ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎఫ్6 నొక్కి ఫ్లాపీల నుంచి ఇయ్యాలె, లేకుంటే బయోస్‌ల పాత పద్ధతి ఏటీఏ మోడ్‌కు మార్చుకోవాలె. 2008ల ఎక్స్‌పీ ఎక్కించినాయన ఇదే మెసేజ్ చూసి ఏటీఏకు మార్చుకొని ఉంటడు. పన్నెండేండ్లు ఆ సెట్టింగ్ అట్లనే ఉంది. ఇగ దాన్ని మార్చిందెవరు? ఎవరూ కాదు. బ్యాటరీ.

ఇప్పుడు ఆ ఊదా వైరు కాడికి రాండ్రి. కాంటా రూమ్‌ల ఉన్నప్పుడు ఈ డబ్బాకు ప్లగ్ ఎప్పుడూ పెట్టే ఉండేది, ఇన్వర్టర్ లైన్ మీద. ప్లగ్ ఉన్నంతసేపు ఆ స్టాండ్‌బై 5 వోల్టులే బయోస్ సెట్టింగులను కూడా కాపాడుతయి, గుండ్రటి బ్యాటరీకి పని పడదు. అది ఏ 2014లనో, 15లనో నీరసపడి ఉంటది, ఎవరికీ తెల్వలే. కొత్త కంప్యూటర్ వచ్చినంక ప్లగ్ పీకి స్టోర్‌ల ఏసిన్రు, అంతే, మిగిలిన సత్తువ అయిపోయింది, సెట్టింగులన్నీ కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎట్లున్నయో అట్లైనయి. నేను కొత్త బ్యాటరీ ఏసి, తారీఖు ఒక్కటే మార్చి, ఆ తప్పు సెట్టింగులనే సేవ్ కొట్టి వచ్చిన. చెక్‌సమ్ ఎర్రర్ స్క్రీన్ మీద డీఫాల్ట్స్ లోడెడ్ అని నా మొఖం మీదనే చెప్పింది, ఎఫ్1 కొట్టి పోయింది నేను.

ఏటీఏకు మార్చిన, సేవ్ కొట్టిన. లోగో, గీతలు, వెల్కమ్. డెస్క్‌టాప్ మీద వెంకటేశ్వరసామి వాల్‌పేపర్, మూలకు కాంటా ఐకాన్.

    

మూడో రోజు పొద్దుగాల మిల్లుకు పోయి పెట్టిన. సాఫ్ట్‌వేర్ ఓపెన్ అయింది, పార్టీల పేర్లు, పాత స్లిప్‌లు అన్నీ ఉన్నయి. కాంటా మీద ఖాళీ ట్రాక్టర్ ఎక్కింది, ఇండికేటర్ మీద బరువు ఎర్రగ ఎలుగుతుంది, కంప్యూటర్‌ల సున్నా.

ఈసారి నేను ఆగం కాలే, పోయిన బయోస్ సెట్టింగులే దొంగ అని తెలుసు. ముందు ఒక చిన్న పరీక్ష చేసిన. ఇండికేటర్ వైరు పీకి, కంప్యూటర్ వెనక సీరియల్ పోర్ట్‌ల 2వ పిన్నుకు 3వ పిన్నుకు పిన్నీసు ఆనిచ్చిన, గుమాస్తానే ఇచ్చిండు అంగీకి పెట్టుకున్నది తీసి. పంపేది ఒకటి, తీసుకునేది ఒకటి, రెండు కలిపితే మనం కొట్టింది మనకే తిరిగి రావాలె. ఎక్స్‌పీల హైపర్ టెర్మినల్ అని పోర్ట్‌తోని మాట్లాడే ప్రోగ్రామ్ ఉంటది కద, కామ్1 ఓపెన్ చేద్దామంటే అసలు కామ్1 ఏ లేదు లిస్టుల. బయోస్‌కు పోతే సీరియల్ పోర్ట్ ఆఫ్. దాన్ని కామ్1కు, దాని మామూలు నంబర్లకు (అడ్రస్ 3ఎఫ్8, ఐఆర్‌క్యూ 4) పెట్టి వస్తే పిన్నీసు మీద నేను కొట్టిన అక్షరాలు స్క్రీన్ మీద టకటక తిరిగొచ్చినయి. పిన్నీసు తీస్తే ఆగినయి. పోర్ట్ మంచిగున్నట్టే. వైరు పెట్టినం, ట్రాక్టర్ బరువు ఇండికేటర్ మీద ఎంతుందో కంప్యూటర్‌ల అంతే.

డాట్ మ్యాట్రిక్స్ మాత్రం అడగకుంటనే గీసింది, రిబ్బన్ ఎండి అక్షరాలు పలచగ పడ్డయి కని గీసింది.

వచ్చే ముందు కొన్ని చేసిన. బయోస్‌ల ప్రతి పేజీని ఫోన్‌తోని ఫోటో తీసి, నల్గొండల ప్రింట్ కొట్టించి, క్యాబినెట్ మూత లోపలి దిక్కు టేప్ ఏసి అతికిచ్చిన, రేపు ఇంకో మెకానిక్ విప్పినా వాని కండ్ల ముందటనే ఉంటది. డిస్క్ ఇమేజ్ ఒకటి నా కాడ, ఒకటి సేటు ఇంట్ల. నెట్ వైరు పీకేసిన, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే సపోర్ట్ బంద్ అయింది, దానికి నెట్ పెట్టుడంటే తలుపు తీసి పడుకునుడే. బిల్లులు, వాట్సాప్ కొత్తదాంట్లనే చేసుకోండ్రి అన్న. కాంటా రూమ్ సాకెట్‌ల న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్యల 14 వోల్టులు ఉన్నది, నా లెక్కల ఆ కన్వర్టర్‌ను తిన్నది అదే, ఎర్తింగ్ గుంతల నీళ్లు పోయించమని మూడు సార్లు చెప్పిన. పోయించినట్టు ఇంకా ఫోన్ రాలే.

సేటు బిల్లు చదివిండు. ఎస్‌ఎంపీఎస్, డిస్క్, బ్యాటరీ, మూడు రోజుల కూలి. బ్యాటరీ లైన్ మీద వేలు పెట్టి, "ఇదేంది, ముప్పై రూపాయలదా, దీని గురించేనా పక్క కాంటాకు అన్ని పైసలు కట్టింది" అన్నడు. నేను ఏం అనలే, సగం దాని గురించి, సగం నేను కొట్టిన ఎఫ్1 గురించి. కూలిల ఒక రోజు తగ్గించుకున్న.

ఇప్పుడు అదే మోడల్ బోర్డు ఒకటి స్పేర్ కోసం ఎతుకుతున్న, హైదరాబాద్ సెకండ్ హ్యాండ్ షాపులల్ల రెండు చోట్ల చెప్పి పెట్టిన. యాసంగి వడ్లు దిగేలోపు దొరికితే మంచిదే.